తొలి ముద్రణేనా? పాత తెలుగు నవలను పరీక్షించే పద్ధతి

పదేళ్ల కిందట గద్వాల దగ్గర ఒక ఊళ్లో మా బంధువుల పాత ఇల్లు విప్పుతున్నారు. సందూకలో ఉన్న పుస్తకాలు చూపించి, "నువ్వు తీస్కపోతవా, తూకానికి వెయ్యమంటవా" అని అడిగారు. నల్లగొండ నుంచి బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. వాటిలో ఒక సాంఘిక నవల ఉంది. అట్ట లేదు. ముద్రణ వివరాలుండే ఆకు మొదలంటా చినిగిపోయింది. చివరి పేజీలను చెదలు కొంచెం కొరికాయి. ఆ పుస్తకం ఏ ఏడాదిదో, ఎన్నో ముద్రణో తేల్చడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. తేలింది మాత్రం గట్టిగా తేలింది.

అప్పుడు నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ ఒక్కో మెట్టుగా రాస్తున్నాను. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి వైపు ఇళ్లల్లో ఇలాంటి సందూకలు ఇంకా ఉన్నాయి. అవి పాత పేపర్ల దుకాణానికి పోయేముందు ఇంట్లో ఒక్కరైనా తెరిచి చూడాలని నా కోరిక.

ముందే ఒక సంగతి. "ప్రథమ ముద్రణ" అనే మాట కనబడగానే సంబరపడొద్దు, కనబడకపోతే నిరాశపడొద్దు. వెల, చిరునామా, అచ్చు తీరు, వెనక ప్రకటనలు, ఎవరో రాసుకున్న చేతిరాత, ఇవన్నీ ఒకే ఏడాది వైపు చూపించాలి. వాటిలో ఒక్కటి అడ్డం తిరిగినా ఆగి మళ్లీ మొదటినుంచి చూడాలి.

ముద్రణ, కూర్పు, ప్రచురణ: మూడూ ఒకటి కావు

ముద్రణ అంటే ఒకసారి అచ్చువేసిన ప్రతుల మొత్తం. తెలుగు నవలకు చాలాకాలం వెయ్యి ప్రతులు మామూలు లెక్క. అందుకే పాత పుస్తకాల్లో "ప్రతులు 1000" అని తరచు కనబడుతుంది. కూర్పు పాత మాట. రచయిత దిద్దినా, కొత్త అధ్యాయం చేర్చినా, అక్షరాలు మళ్లీ మొదటినుంచి పేర్చినా అది మరో కూర్పు. పాత ప్రచురణకర్తలు ఈ రెండు మాటలనూ కలిపి వాడేశారు. కాబట్టి పుస్తకం మీద "ద్వితీయ కూర్పు" అని ఉంటే లోపల ఏమన్నా మారిందా అన్నది మనమే చూసుకోవాలి.

ఇక తొలి ప్రచురణ వేరు. మన నవలల్లో పెద్ద భాగం ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ తర్వాతే పుస్తకమైంది. పాఠకుడు ఆ కథను మొదట చదివింది పత్రికలో. పుస్తక రూపంలో మొదటిసారి అచ్చైనది తొలి ముద్రణ. సేకరించేవాళ్లు వెతికేది ఈ రెండోదాన్నే అయినా, మొదటిదాన్ని చులకన చేయొద్దు. దాని సంగతి కింద వేరుగా చెబుతాను.

మొదటి మెట్టు: తెరవకముందే చూడాల్సినవి

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. పుస్తకాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టండి. పక్కన ఒక స్కేలు, ఒక భూతద్దం, మెత్తటి పెన్సిలు, టార్చి ఉన్న ఫోను ఉంటే చాలు. పెన్ను దగ్గర పెట్టుకోవద్దు, చేతిలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు గీత పడుతుంది.

మన వైపు ఎండలకు పాత కాగితం బాగా పెళుసుబారుతుంది. మూల మడిచి చూశారంటే పటుక్కున విరుగుతుంది. కాబట్టి పూర్తిగా వెనక్కి వంచి తెరవకండి. సగం తెరిచి, రెండో అట్ట కింద మరో పుస్తకం ఆనించండి.

అట్ట అసలుదేనా చూడండి. గ్రంథాలయంలో ఉండి వచ్చిన పుస్తకమైతే బొమ్మ అట్ట తీసేసి కాలికో గుడ్డతో బైండు చేయించి ఉంటారు. అంచులు కోసి ఉంటారు కాబట్టి పేజీ కొలత కూడా తగ్గి ఉంటుంది. క్రౌన్ సైజు పుస్తకమో డెమ్మీ సైజుదో తేల్చేటప్పుడు ఈ కోత గుర్తుండాలి. అట్ట పోయినంత మాత్రాన తొలి ముద్రణ కాకుండా పోదు. కాకపోతే ముఖచిత్రం, దాని మీది వెల, చిత్రకారుడి సంతకం అనే మూడు సాక్ష్యాలు పోయినట్టే.

రెండో మెట్టు: ఇంప్రింట్ పేజీ

లోపలి పేరు పేజీకి వెనకవైపు గానీ, కొన్నిటిలో చిట్టచివరి పేజీ అడుగున గానీ ముద్రణ వివరాలు ఉంటాయి. 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చైన చోటు, ప్రచురణకర్త పేరు, ప్రచురించిన చోటు వేయాల్సి ఉండేది. అందుకే ఏడాది వేయని పుస్తకంలో కూడా ప్రెస్సు పేరు దొరుకుతుంది.

ఇక్కడ మూడు మోసాలు ఉన్నాయి. మోసం అంటే ఎవరో కావాలని చేసిందని కాదు, మనం మోసపోయే చోట్లు.

హక్కులు చేతులు మారి కొత్త ప్రచురణకర్త వేసినప్పుడు, తన సంస్థ తరఫున మొదటిసారి వేశాడు కాబట్టి "మొదటి ముద్రణ" అని రాసుకుంటాడు. ఇరవయ్యేళ్ల కిందటి నవల మీద కూడా అలా ఉంటుంది. ఇది మనకు అతి మామూలు. కొందరు "మా ప్రథమ ముద్రణ" అని స్పష్టంగా వేస్తారు, కొందరు వేయరు.

రెండోది, పాత ప్రతిని ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో మళ్లీ వేసినప్పుడు ఇంప్రింట్ పేజీ కూడా ఉన్నదున్నట్టు పడిపోతుంది. అందులో పాత ఏడాదే ఉంటుంది, పాత వెలే ఉంటుంది. దీన్ని పట్టించేది అచ్చు పరీక్ష ఒక్కటే.

మూడోది, అమ్ముడుపోని ఫారాలకు, అంటే అచ్చై మిగిలిపోయిన లోపలి కాగితాలకు, కొన్నేళ్ల తర్వాత కొత్త అట్ట, కొత్త పేరు పేజీ తగిలించి విడుదల చేయడం. అప్పుడు బయట కొత్త తేదీ ఉన్నా లోపలి కాగితమంతా తొలి ముద్రణదే.

ఏడాది తెలుగు పేరుతో ఉంటే అరవై పేర్ల పట్టిక దగ్గర పెట్టుకోండి. వ్యయ 1946-47, సర్వజిత్తు 1947-48, విజయ 1953-54, మన్మథ 1955-56, శార్వరి 1960-61. ఉగాదితో ఏడాది మారుతుంది కాబట్టి రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీదుగా సాగుతుంది. పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది గానీ, 1946 పుస్తకాన్ని 2006 పుస్తకమని ఎవరూ పొరబడరు. ముందుమాట కింద రచయిత వేసిన తేదీ కూడా చదవండి. కథ పూర్తయిన తేదీ, ముందుమాట తేదీ, ముద్రణ తేదీ మూడు వేర్వేరుగా ఉండొచ్చు. "రెండో ముద్రణకు ముందుమాట" ఉన్న ఆకును ఎవరైనా చించేశారేమో తెలుసుకోవడానికి పేజీల అంకెలు ఒకటి నుంచి లెక్కపెట్టండి.

మూడో మెట్టు: వెల చదవడం

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి వెల. ముద్రణ ఏడాది వేయడం మరిచిపోయిన ప్రచురణకర్త కూడా వెల వేయడం మరిచిపోడు.

1957 ఏప్రిల్ 1 దాకా మనకు రూపాయి, అణా, "పై" లెక్క. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పుస్తకం మీద "రూ. 1-8-0" అని మూడు భాగాలుగా ఉంటే రూపాయి ఎనిమిది అణాలు, అంటే రూపాయిన్నర. ఆ ఏప్రిల్ నుంచి దశాంశ పద్ధతి వచ్చింది. కొత్త పైసలను "నయా పైసలు" అన్నారు. "న.పై." అని కనబడితే 1957కూ 1964కూ మధ్య పుస్తకం అనుకోవచ్చు, ఎందుకంటే 1964 జూన్ 1న "నయా" అనే మాట తీసేశారు.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు ఉంది. దశాంశం వచ్చాక కూడా చుక్క బదులు గీతే పెట్టారు. "రూ. 2-50" అంటే రెండు రూపాయల యాభై పైసలు. గీత చూసి అణాలనుకోవద్దు. గీత తర్వాతి అంకె 15 దాటిందంటే అది అణా కాజాలదు. "రూ. 2-4" అని రెండే భాగాలు ఉంటే రెండు రూపాయల నాలుగు అణాలు. ఎవరూ నాలుగు పైసలతో పుస్తకానికి వెల కట్టరు కదా. వెల మీద చీటీ అంటించి ఉంటే దీపానికి అడ్డంగా ఆ ఆకును పట్టుకుని చూడండి, కిందిది చాలాసార్లు చదవొస్తుంది. అణాల వెల మీద పైసల చీటీ ఉందంటే, 1957కు ముందు అచ్చై తర్వాత దాకా అమ్ముడుపోకుండా మిగిలిన ప్రతి అని అర్థం. అలాంటి చీటీని పీకేయకండి. అది కూడా ఆ పుస్తకం చరిత్రే.

మన జిల్లాలకు ఇంకో లెక్క ఉంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అనే సొంత రూపాయి నడిచింది. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. హైదరాబాదులో అచ్చైన పుస్తకం మీద హాలీ వెల గానీ, రెండు వెలలూ గానీ ఉండొచ్చు. మద్రాసు నుంచో బెజవాడ నుంచో వచ్చిన పుస్తకం లోపల ఇక్కడి అమ్మకందారు పెన్సిలుతో హాలీ వెల రాసి ఉండొచ్చు. హాలీ సిక్కా 1959 దాకా చెలామణిలో ఉంది. కోస్తా వైపు సేకర్తలు ఈ గుర్తును తరచు పట్టించుకోరు. పేజీ మూలన 1-2-8 అని పెన్సిలు గీత ఉంటే రబ్బరుతో చెరిపేస్తారు. అది రూపాయి కల్దార్‌కు సరిగ్గా హాలీ లెక్క.

నాలుగో మెట్టు: చిరునామా చెప్పే తేదీ

ప్రచురణకర్త చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చైనదే, ఆ రోజే పిన్‌కోడ్ మొదలైంది. ఊరి పేరు పక్కన ఒకటో రెండో అంకెలు మాత్రమే ఉంటే అంతకు ముందుదై ఉండొచ్చు. కాకపోతే అలవాటు కొద్దీ తర్వాత కూడా కొన్నాళ్లు అలాగే వేశారు. కాబట్టి పిన్‌కోడ్ ఉండటం గట్టి సాక్ష్యం, లేకపోవడం బలహీనమైన సాక్ష్యం.

బెజవాడ అని ఉందా విజయవాడ అని ఉందా, మదరాసు అనా చెన్నై అనా చూడండి. చెన్నై అయితే 1996 తర్వాత. "ఆంధ్ర రాష్ట్రం" అంటే 1953 అక్టోబర్ నుంచి 1956 నవంబర్ లోపు. "ఆంధ్రప్రదేశ్" అంటే ఆ తర్వాత. 978తో మొదలయ్యే ఐఎస్‌బిఎన్ ఉంటే దాదాపు 2007 తర్వాతిదే. ఇరవయ్యో శతాబ్దపు నవలకు అది ఉందంటే పునర్ముద్రణ అని మళ్లీ ఆలోచించకుండా రాసేయొచ్చు.

అయిదో మెట్టు: అచ్చును వేలితో, వెలుగుతో చదవడం

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

గది లైటు ఆపి, ఫోను టార్చిని పేజీకి పక్కగా, దాదాపు కాగితానికి ఆనించి పట్టుకోండి. సీసపు అక్షరాలు పేర్చి లెటర్ ప్రెస్సులో అచ్చువేసిన పేజీ అయితే ఒక్కో అక్షరం కాగితంలోకి దిగినట్టు చిన్న గుంటలు కనబడతాయి. ఆకు తిప్పి వెనకవైపు వేలి కొస మెల్లగా ఆనిస్తే బొడిపెలు తగులుతాయి. మా గద్వాల నవలలో వట్రసుడుల దగ్గర ఆ ఒత్తుడు మరీ బాగా తెలిసేది, గుండ్రటి గీత చుట్టూ సిరా అంచుకు తోసుకుపోయి చిన్న నల్లటి గట్టు కట్టింది. భూతద్దంలో ఆ గట్టును ఎంతసేపు చూశానో చెప్పలేను. ఎనభై ఏళ్ల కిందట ఎవరో కంపోజిటరు వేళ్లతో ఒక్కొక్క అక్షరమే ఏరి పెట్టిన వరుస అది.

ఆఫ్‌సెట్ పేజీ అలా ఉండదు. నున్నగా, సమంగా, సిరా కాగితం మీద పరిచినట్టు ఉంటుంది. ఇంప్రింట్ పేజీలో 1940ల ఏడాది ఉండి, అచ్చు నున్నగా ఉండి, అక్షరాల అంచులు కొంచెం మసకగా, మధ్యమధ్య అరిగినట్టు కనబడితే, అది ఫొటో తీసి వేసిన పునర్ముద్రణ. కంప్యూటర్ అక్షరాలు, అంటే డీటీపీ, కనబడితే ఇక చూడక్కర్లేదు.

చేత్తో పేర్చిన అచ్చులో ఇంకో మేలు ఉంది. ఒక ఫారం అచ్చయ్యాక ఆ అక్షరాలను విప్పి మళ్లీ గళ్లల్లో వేసేస్తారు. సీసం అంత లేదు మరి, తర్వాతి ఫారానికి అవే కావాలి. రెండో ముద్రణకు మళ్లీ మొదటినుంచి పేర్చాల్సిందే. అందువల్ల తొలి ముద్రణలో వందో పేజీలో మొదటి వరుస ఏ మాటతో ముగిసిందో, రెండో ముద్రణలో అదే మాటతో ముగియడం అరుదు. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, పది పేజీల్లో వరుసల చివరి మాటలు పోల్చండి. అన్నీ కలిస్తే రెండూ ఒకే కూర్పు. విరిగిన అక్షరం ఒకే చోట రెండిట్లోనూ ఉంటే మరీ గట్టి రుజువు.

తప్పొప్పుల పట్టిక ఉందా చూడండి. చివర "శుద్ధిపత్రం" అని అతికించిన చీటీ ఉంటే, అందులో చెప్పిన తప్పు లోపలి పేజీలో అలాగే ఉందా, దిద్ది ఉందా చూడాలి. తప్పు ఉందంటే తొలి ముద్రణ వైపు మొగ్గు. దిద్ది ఉందంటే తర్వాతిది.

ఇక ఫారాల లెక్క. పదహారు పేజీలకో ఫారం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఎడమవైపు చిన్న అంకె ఉంటుంది, కొన్నిటిలో పుస్తకం పేరు పొట్టిగా కూడా. ఆ అంకెలు వరుసగా ఉన్నాయా చూసుకుంటే పుస్తకం పూర్తిగా ఉందో లేదో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఆరో మెట్టు: వెనక పేజీల్లో ప్రకటనలు

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. హైదరాబాదులో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక నవల కొన్నాను. లోపల "ప్రథమ ముద్రణ" అని ఉంది. అమ్మిన మనిషి కూడా అదే మాట నమ్మి చెప్పాడు. ధర ఎక్కువే పెట్టాను. ఇంటికొచ్చి చివరి పేజీలో "ఇదే రచయిత ఇతర రచనలు" అనే జాబితా చదివితే, అందులో ఆ నవల తర్వాత ఏడేళ్లకు వచ్చిన పుస్తకం పేరు ఉంది. ఇంకా రాయని పుస్తకాన్ని ఏ ప్రచురణకర్తా అమ్మకానికి పెట్టడు. కొత్త ప్రచురణకర్త వేసిన "మొదటి ముద్రణ" అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ముందు చివరి పేజీలు చదువుతున్నాను.

జాబితాలో "అచ్చులో", "త్వరలో" అని ఉన్నవి మరీ విలువైనవి. ఒక నవల "అచ్చులో" అని ఉండి, అది ఫలానా ఏడాది వచ్చిందని మనకు తెలిస్తే, చేతిలో ఉన్న పుస్తకం అంతకు ముందుదని తేలుతుంది. ప్రకటనల్లోని వెలలు కూడా అణాల్లో ఉన్నాయా పైసల్లోనా చూడండి.

ఏడో మెట్టు: ముద్రలు, చేతిరాతలు

మన ప్రాంతంలో ఈ సాక్ష్యం బాగా దొరుకుతుంది. సూత్రం చిన్నది: పుస్తకం మీద రాసిన తేదీ కన్నా తర్వాత ఆ పుస్తకం అచ్చై ఉండదు.

నిజాం కాలపు ఇళ్లల్లో ఫసలీ లెక్కలో తేదీలు రాసేవాళ్లు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిష్ ఏడాది దగ్గరికి వస్తుంది. అక్టోబరులో ఏడాది మొదలవుతుంది కాబట్టి 1357 ఫసలీ అంటే 1947-48. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ అని నెలల పేర్లు ఉంటాయి. ఆజూర్ అక్టోబరులో మొదలవుతుంది, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఉర్దూలో రాసి ఉంటే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ లిపి చదివేవాళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు.

గ్రంథాలయ ముద్రలు కూడా తేదీ చెబుతాయి. హైదరాబాదు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం 1955లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 1960లో. "జిల్లా గ్రంథాలయ సంస్థ" ముద్ర ఉంటే ఆ తర్వాత చేరిన పుస్తకం. అంతకు ముందు యువకులు చందాలేసుకుని పెట్టుకున్న ఊరి గ్రంథాలయాల ముద్రలు కనబడితే జాగ్రత్తగా చూడండి. వాటిలో ఊరి పేరు, తాలూకా పేరు కూడా ఉంటాయి. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. అలా చేతి నుంచి చేతికి చేరిన ప్రతుల మీద పేర్లు, తేదీలు, చందా లెక్కలు ఉంటాయి. శుభ్రంగా ఉన్న ప్రతి కన్నా నేను అలాంటి ప్రతినే ఎక్కువగా కోరుకుంటాను.

ఇంకో మాట. గ్రంథాలయ ముద్ర ఉండి, "తొలగించబడింది" అనే ముద్ర లేకపోతే కొనకండి. ఏ గ్రంథాలయానిదో వాళ్లకే తెలియజేయండి. ముద్రను గీకి, రసాయనం రాసి చెరిపిన ప్రతి ఎవరు అమ్మజూపినా పక్కన పెట్టేయండి.

సీరియల్ బైండ్లు

ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను వారం వారం కత్తిరించి, చివరకు బైండు చేయించుకోవడం మన ఇళ్లల్లో ఆడవాళ్లు పెంచిన అలవాటు. మా అమ్మ దగ్గర అలాంటివి అయిదు ఉండేవి. పేజీ రెండు మూడు కాలాలుగా ఉంటుంది, పిన్నుల చిల్లులు మధ్యలో కనబడతాయి, ప్రతి భాగం చివర "సశేషం" అని ఉంటుంది, వెనకవైపు సబ్బు ప్రకటనో సినిమా కబురో సగం తెగి ఉంటుంది. ఇది పుస్తకం తొలి ముద్రణ కాదు గానీ, కథ మొదటిసారి లోకానికి వచ్చిన రూపం ఇదే. పుస్తకం చేసేటప్పుడు రచయిత తీసేసిన భాగాలు, మార్చిన ముగింపు ఇందులో ఉండొచ్చు. చిత్రకారుల బొమ్మలు ఉంటాయి, పుస్తకంలో అవి దాదాపుగా ఉండవు.

నెలకో నవల అచ్చేసిన చతుర పత్రికది ఇదే సంగతి. స్వాతి మాసపత్రిక అనుబంధ నవలలదీ అంతే. వాటిని "పత్రికలో తొలి ప్రచురణ" అని రాసి, పుస్తకాన్ని వేరుగా "తొలి ముద్రణ" అని రాసుకుంటే గొడవ ఉండదు.

ఇంగ్లిష్ నవలలు దొరికితే

పాత వకీళ్ల, డాక్టర్ల ఇళ్లల్లో ఇవి ఉంటాయి. ఇంప్రింట్ పేజీలో 10 9 8 7 నుంచి 1 దాకా అంకెల వరుస ఉంటే, అందులో అతి చిన్న అంకె ముద్రణ సంఖ్య. 1 ఉంటే మొదటిది. అమెరికాకు చెందిన ర్యాండమ్ హౌస్ మాత్రం చాలాకాలం "ఫస్ట్ ఎడిషన్" అనే మాటతో పాటు 2తో మొదలయ్యే వరుస వేసింది, అక్కడ అదే మొదటి ముద్రణ. స్క్రిబ్నర్స్ సంస్థ 1930 నుంచి చాలా ఏళ్లు మొదటి ముద్రణకు "ఎ" అక్షరం వేసింది. పెంగ్విన్ పుస్తకంలో "మొదట ఫలానా ఏడాది వచ్చింది, పెంగ్విన్‌లో ఫలానా ఏడాది" అని రెండు వరుసలుంటే అది తొలి ముద్రణ కాదు. ఈ పుస్తకాలకు పైన వేసే కాగితపు జాకెట్ ప్రాణం. జాకెట్ లేకపోతే విలువ బాగా పడిపోతుంది.

ఎనిమిదో మెట్టు: మరో ప్రతితో పోల్చడం

ఇక్కడిదాకా వచ్చాక పోల్చి చూడటం మిగిలింది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అంటే 1891లో మొదలైన ఆసఫియా, సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మనకు దగ్గర. కోస్తా వైపు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. 1954 చట్టం కింద ప్రచురణకర్తలు ప్రతులు పంపాల్సిన వాటిలో కలకత్తా జాతీయ గ్రంథాలయం, మద్రాసు కన్నెమరా గ్రంథాలయం ఉన్నాయి. పాత పత్రికల్లో "గ్రంథ స్వీకారం", పుస్తక సమీక్షల పేజీలు వెతికితే పుస్తకం ఏ నెలలో వెలువడిందో కూడా దొరుకుతుంది. మన వైపు పుస్తకాలకైతే 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక సంచికలు చూడండి.

తొమ్మిదో మెట్టు: రాసిపెట్టుకోవడం

చూసింది ఒకవైపు, అనుకున్నది మరోవైపు రాయండి. రెండూ కలిపి రాస్తే ఆర్నెల్ల తర్వాత మనమే తేడా పట్టలేం. మా గద్వాల నవలకు నేను రాసిన చీటీ ఇలా ఉంది:

అట్ట లేదు. పేరు పేజీ ఉంది. ఇంప్రింట్ ఆకు లేదు. ముందుమాట కింద: వ్యయ, శ్రావణం. అచ్చు: లెటర్ ప్రెస్, సీసం అక్షరాలు. ఫారాలు 1 నుంచి 14 దాకా వరుసగా ఉన్నాయి. వెనక ప్రకటనలు: వెలలన్నీ రూపాయి-అణా-పై. "అచ్చులో" అని ఒక పేరు. మొదటి తెల్ల ఆకు మీద ఆకుపచ్చ సిరాతో: "చిన్నమ్మకు పెండ్లి కానుక, 1356 ఫ. బహమన్." మూలన పెన్సిలుతో హాలీ వెల. పేజీ 37, అయిదో వరుసలో "ళ" తల విరిగింది.

వ్యయ శ్రావణం అంటే 1946 ఆగస్టు ప్రాంతం. 1356 ఫసలీ బహమన్ అంటే అదే ఏడాది డిసెంబర్. ముందుమాట రాసిన నాలుగైదు నెలల్లోనే ఆ పుస్తకం అచ్చై, అమ్ముడై, గద్వాల దగ్గరి ఊళ్లో ఒక పెళ్లికూతురి చేతికి చేరింది. అంత తక్కువ కాలంలో రెండో ముద్రణ రావడం కష్టమే. అయినా "తొలి ముద్రణ" అనే మాటను "అనుకున్నది" అనే వైపే రాసి పెట్టాను.

తర్వాత హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో అదే నవల మరో ప్రతి దొరికింది. దానికి ఇంప్రింట్ ఆకు ఉంది: ప్రథమ ముద్రణ, 1946, ప్రతులు 1000. ముప్పై ఏడో పేజీ తీసి, అయిదో వరుస మీద భూతద్దం పెట్టాను. "ళ" తల విరిగే ఉంది. చీటీలో ఆ మాటను రెండోవైపు కొట్టేసి, మొదటివైపు రాశాను.